కొసరు ఖరీదెంత? వదిన జంతికల లెక్కలు, తొమ్మిదో వారం

200 గ్రాముల ప్యాకెట్టు మళ్లీ 206 గ్రాములే.

మంగళ, బుధవారాల్లో సగటు 201.9 చూసి గెంతులొక్కటే తక్కువ. గురువారం సాయంత్రం తూస్తే 206.4. ఒక్క ప్యాకెట్టు తూకం నా చేత సగం నోటుపుస్తకం నింపిస్తుందని మొదటివారం ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ని.

పాత టపాలు చదవనివాళ్లకు ఒక ముక్క. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వదిన జంతికలు, చేగోడీలు, బూందీ మిక్చర్ చేసి దుకాణాలకు వేస్తుంది. నా ఉద్యోగం వేరు. సాయంత్రాలు ఆ వ్యాపారంలో డబ్బు ఎక్కడ కారిపోతోందో వెతకడం నా కాలక్షేపం. కొందరు గేలం పట్టుకుని ఏటి ఒడ్డున కూర్చుంటారు, నేను కాటా ముందు కూర్చుంటాను. కొత్త సరుకు పెట్టు, ధర పెంచు, ఇంకో ఊరు పట్టు లాంటి సలహాలు నేనివ్వను. అవి వదినకు నాకంటే బాగా తెలుసు.

ఈ నెల కలిసొచ్చినవి గబగబా చెప్పేస్తాను. బర్నరు చిల్లులు విప్పి శుభ్రం చేశాక 19 కిలోల సిలిండరు ఒక రోజు ఎక్కువ వస్తోంది. విరిగిన జంతికలు ఇదివరకు ఇంట్లో తినేసేవాళ్లం, ఇప్పుడు ముడి (మరమరాల) మిక్చర్ బండి అతను కిలో 80కి తీసుకెళ్తున్నాడు. ఇక జీఎస్టీ. పాతపట్నం మాకు పక్క ఊరే, కానీ పక్క రాష్ట్రం, ఆంధ్ర. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదు, చిన్న వ్యాపారులు టర్నోవరులో కొద్ది శాతం కట్టి ఊరుకునే కాంపోజిషన్ స్కీమూ కుదరదు. కాబట్టి నంబరు ఎప్పుడో తీసుకున్నాం. కానీ సంచుల మీద, గ్యాస్ మీద కట్టే 18 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మేం కట్టాల్సిన పన్నులోంచి తీసేసుకునే వీలు, వాడుకోకుండా ఇన్నాళ్లూ వదిలేశాం. 2025 సెప్టెంబరు 22 నుంచి మిక్చర్ లాంటి వాటి మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, సంచుల మీద మాత్రం 18 అలాగే ఉంది. ఇప్పుడు ప్రతి బిల్లూ ఫైల్లో పెడుతున్నాం.

ఇక అసలు తలనొప్పి.

మా ప్యాకెట్టు 200 గ్రాములు. రోజుకు 140 ప్యాకెట్లు, నెలకు 26 రోజులు. మొదటివారం అనుకోకుండా ఒక ప్యాకెట్టు తూస్తే 216 చూపించింది. అనుమానమొచ్చి 60 తూశాను. సంచి బరువు 4 గ్రాములు తీసేశాక సగటు 211.9, అన్నిటికంటే తక్కువ 203, ఎక్కువ 227. అంటే ప్యాకెట్టుకు 12 గ్రాములు అదనంగా పోతోంది. నెలకు 3,640 ప్యాకెట్లు, దాదాపు 44 కిలోలు. మాకు కిలో తయారీ ఖర్చు 165 పడుతుంది. నెలకు 7,200 రూపాయలు సంచుల్లో పెట్టి సీల్ వేసి పంపిస్తున్నామన్నమాట! శనగపిండి కిలోకి రెండు రూపాయలు తగ్గించమని కిరాణా కొట్టులో అరగంట బేరమాడే ఇల్లు మాది.

మొదటి అనుమానం కాటా మీదే. పాతది ఐదేసి గ్రాముల చొప్పున మారే రకం. 197.5 దాటగానే 200 చూపిస్తుంది, 202.5 దాటితే గానీ 205 అనదు. ప్యాకింగ్ చేసేది పక్కింటి పిన్ని. "200 అంటే నమ్మకం లేదు బాబూ, 205 పడితేనే 200 ఉన్నట్టు" అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఒక్కో గ్రాము చూపించే కాటా కొన్నాం. దుకాణాలవాళ్లంతా ఎస్సే కంపెనీ కాటా మంచిదంటారు, నాకూ దాని మీదే మనసు. వదిన మాత్రం ధర చూసి వేరేది తెచ్చింది. దాని అంకెలు నిలకడగానే ఉన్నాయి గానీ మీటలు అప్పుడే మెత్తబడ్డాయి. సగటు 209.3కి దిగింది.

రెండోది ఫ్యాను. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ప్యాకింగ్ బల్లకు సరిగ్గా పైన ఫ్యాను. 200 గ్రాముల ముద్ర రాయి పెట్టి చూస్తే ఫ్యాను ఆపినప్పుడు కచ్చితంగా 200. నాలుగో నంబరులో తిరుగుతుంటే 197కీ 204కీ మధ్య ఊగులాట. పిన్ని ఏం చేస్తుందంటే, ఊగేటప్పుడు కింది అంకె కూడా 200 దాటేదాకా వేస్తూనే ఉంటుంది. అక్కడే మూడు, నాలుగు గ్రాములు పోతున్నాయి. మా ఊరి ఉక్కలో ఫ్యాను ఆపమనే ధైర్యం ఎవరికీ లేదు. అట్టపెట్టె కోసి కాటా చుట్టూ నాలుగు వైపులా గోడ, పైన మూత పెట్టాను. అంకె నిలబడింది గానీ గంటకు 62 ప్యాకెట్లు కట్టే మనిషి 48కి పడిపోయింది. మూత, ముందుగోడ తీసేశాను. ఇప్పుడు గంటకు 58. సగటు 207.1.

మధ్యలో ఒక సాయంత్రం పూర్తిగా వృథా చేశాను. తూచే స్టీలు గిన్నెకు రోజంతా నూనె, పొడి అంటుకుంటుంది కదా, దాని వల్లే తేడా వస్తోందనుకుని రాత్రి గిన్నె తూచాను. మూడు గ్రాములు పెరిగింది. దొంగ దొరికాడని వదినను పిలిచి మరీ చూపించాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "గిన్నె బరువు పెరిగితే ప్యాకెట్టులో సరుకు తగ్గాలి గదా, పెరగడమేమిటి?" అంది. నిజమే. నేను ఎదురు దిక్కులో పరుగెత్తాను. గిన్నెను గంటకోసారి తుడిచి మళ్లీ సున్నా చేయడం మాత్రం అలవాటైంది, అది మంచిదే. బ్యాటరీ దిగిపోతోందేమోనని పొద్దున, సాయంత్రం రాయి పెట్టి చూశాను, గ్రాముకు మించి తేడా లేదు. గాలిలో తేమ పీల్చుకుంటోందేమోనని పది ప్యాకెట్లు మర్నాడు మళ్లీ తూశాను. ఏమీ మారలేదు.

మూడోది జంతిక సైజు. ఈ సిద్ధాంతం మీద నాకు భలే నమ్మకం కుదిరింది. 40 జంతికలు విడివిడిగా తూస్తే సగటు 7.2 గ్రాములు, చిన్నది 4.1, పెద్దది 11.8. 196 దగ్గర ఆగితే ఇంకొకటి వేయక తప్పదు, వేస్తే 203. 200కి తగ్గకూడదంటే సగటున సగం జంతిక, అంటే మూడున్నర గ్రాములు దాటిపోవాల్సిందే. చివర్లో సర్దడానికి విరిగిన ముక్కలు కావాలి. కానీ ఆ ముక్కలనేగా గొప్పగా బండి అతనికి అమ్మేసింది! పైగా ప్యాకెట్టులో ముక్కలు కనిపిస్తే పరువు పోతుందని వదిన. చివరికి ప్రతి పది వాయిలకు ఒక వాయి చిన్న చుట్టలు వేయించి, వాటితో తూకం సర్దమన్నాం. 206.2కి వచ్చింది. సంతోషించి, మాటవరసకు బూందీ మిక్చర్ కూడా 30 ప్యాకెట్లు తూశాను. 206.0.

బూందీకి సైజు బాధ లేదు. గింజ గింజగా సర్దుకోవచ్చు. అయినా ఆరు గ్రాములు ఎక్కువే! నా జంతిక సిద్ధాంతం అక్కడే విరిగింది.

ఆ రాత్రి కాటాను వదిలేసి చేతిని చూడాలనిపించింది. పిన్ని పక్కన కూర్చుని 30 ప్యాకెట్లు కట్టించాను, సగటు 203.1. ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్లిపోయి వచ్చి తర్వాతి 30 తూశాను, 207.8. మర్నాడు కిటికీలోంచి చూశాను. ఇది కాస్త సిగ్గుమాలిన పనే, ఒప్పుకుంటున్నాను. అంకె 200కి వచ్చి నిలబడుతుంది. గిన్నె ఎత్తి సంచిలో పోస్తుంది. సీలింగ్ మిషను మీదికి తీసుకెళ్లే లోపు ఎడమచేత్తో పళ్లెంలోంచి ఇంకో చిటికెడు తీసి వేస్తుంది. కాటా వైపు చూడదు, చేతి వైపూ చూడదు.

కొసరు.

పిన్ని పెళ్లయిన దగ్గర్నుంచి బజార్లో ఆకుకూరలు అమ్మింది. కట్ట ఇచ్చాక నాలుగు కాడలు పైన పెట్టకుండా ఎవరినీ పంపలేదట. అడిగితే తనే ఆశ్చర్యపోయింది: "వేస్తున్నానా? నాకు తెలీదు బాబూ." ఇరవై చిటికెళ్లు తూశాను. మూడు నుంచి ఆరు గ్రాములు, సగటు 4.4.

నేనన్నాను, "పిన్నీ, కొసరంటే కొనేవాడి కళ్లముందు వేసేది. సీల్ వేసిన ప్యాకెట్టులో వేస్తే ఎవరికి తెలుస్తుంది? దుకాణంవాడికీ తెలీదు, తినే పిల్లాడికీ తెలీదు." పిన్ని అంది, "తెలిసేలా వేస్తే అది బేరం గదా." దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. లెక్క మాత్రం ఉంది. 206.4 నుంచి 202కి దిగితే నెలకు ఇంకో 2,640 రూపాయలు మిగులుతాయి.

మాన్పించడం కంటే కొసరును ముందే లెక్కలో కలిపేస్తే పోలేదా అనుకున్నాను. కాటా మీద 197 దగ్గర ఆపమని, కొసరు తన ఇష్టమని చెప్పాను. ఇందులో మోసమేమీ లేదు. లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నియమాల ప్రకారం 200 గ్రాముల ప్యాకెట్టు ఒక్కొక్కటి 4.5 శాతం, అంటే 9 గ్రాముల దాకా అటూ ఇటూ అయినా ఫరవాలేదు, సగటు మాత్రం 200కి తగ్గకూడదు. మొదటి 30 ప్యాకెట్ల సగటు 201.9. తక్కువ 198, ఎక్కువ 205. రెండో రోజూ అంతే. పైన చెప్పిన గెంతులు అప్పటివే.

మూడో రోజు 206.4. మళ్లీ చిటికెళ్లు తూశాను, ఈసారి సగటు 9.1! కారణం అడిగితే పిన్ని మొహమాటపడుతూ చెప్పింది: "సంచి మీద 200 అని అచ్చు వేసి ఉంది. కాటా మీద 197 కనిపిస్తోంది. నా చెయ్యి ఊరుకోవడం లేదు." మూడు గ్రాముల లోటు పూడ్చి, దాని మీద కొసరు వేసి, లోటు పెట్టినందుకు కాస్త జరిమానా కూడా కలుపుతోందన్నమాట.

197కి 200 చూపించేలా కాటాను సర్దేస్తే పిన్నికి బాధ ఉండదు, నాకు సగటు వస్తుంది. ఆ ఆలోచన నాకు వచ్చిందని రాయడానికే సిగ్గుగా ఉంది. వదిన విని ఒక్కటే మాటంది: "ముద్ర వేసిన కాటాతో ఆటలొద్దు." ఆ దారి మూసేశాను.

ఇప్పటికి మిగిలింది తక్కువేం కాదు. 211.9 నుంచి 206.4 అంటే నెలకు 3,300. అయినా ఆ ఆఖరి నాలుగు గ్రాములు నిద్ర పట్టనివ్వడం లేదు.

రెండు ఉపాయాలున్నాయి. ఒకటి కొసరును బయట పెట్టడం. పాతపట్నంలో రెండు దుకాణాలకు 50 ప్యాకెట్లకు ఒకటి ఉచితంగా ఇచ్చి చూస్తాం. 50కి ఒకటి అంటే 2 శాతం, ప్యాకెట్టుకు సరిగ్గా 4 గ్రాములు. ఖర్చు అదే, కానీ కనీసం ఒకరికైనా కనిపిస్తుంది. పిన్నికి ఇది నచ్చలేదు. "అది పిల్లల నోట్లోకి పోదు, దుకాణంవాడి గల్లాలోకి పోతుంది" అంటోంది. అయితే ఒకవైపు ఇది ఇస్తూ ఇంకోవైపు లోపల చిటికెళ్లు పడుతూ ఉంటే రెండు కొసర్లు అవుతాయి. అందుకే ముందు రెండో ఉపాయం, చెంచా. 200కి కాక 198కి తూచి, పక్కన పెట్టిన చిన్న చెంచాతో ఒకే ఒక్క చెంచా కొసరు వేయడం. అంకెలో లోటు రెండే గనక చెయ్యి ఊరుకుంటుందేమో చూడాలి.

దీని తర్వాత నూనె మీద పడతాను. వదిన ఫ్రీడమ్ రైస్ బ్రాన్ వదలదు, నేనూ అటే. పామాయిల్ చవకే, కానీ చలికాలంలో జంతిక మీద తెల్లగా పేరుకుంటే ప్యాకెట్టు చూడబుద్ధి కాదు. నూనె ఎప్పుడు పారబోయాలో ఇప్పటిదాకా రంగు చూసి చెప్తున్నాం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం అందులో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పదే పదే కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదు. మేము మరీ ముందే పారబోస్తున్నామా, ఆలస్యం చేస్తున్నామా అన్నది కొలిస్తేనే తెలుస్తుంది. మీటరు మాకు అందే ధర కాదు, ముంచి చూసే స్ట్రిప్పులు దొరుకుతాయేమో కనుక్కుంటున్నాను.

చెంచా నిన్న కొన్నాను, 12 రూపాయలు. గుండుగా నింపితే బూందీ 4.2 గ్రాములు పడుతోంది. చిన్న జంతిక చుట్టలు మాత్రం చెంచాలో నిలవకుండా జారిపోతున్నాయి. బుధవారం నుంచి బూందీతో మొదలు.