పిల్లల చదువు వేగాన్ని ఫోన్‌తో కొలిచేటప్పుడు

నల్లగొండ, పాలమూరు బడుల్లో పిల్లలు గట్టిగా చదివేది ఫోన్‌తో కొలవాలంటే ముందు రికార్డింగ్ బాగుండాలి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. రికార్డింగ్ సెట్టింగుల్లో 16 కిలోహెర్ట్జ్ (సెకనుకు 16,000 ధ్వని నమూనాలు), మోనో (ఒకే ఛానెల్) చాలు. పక్క తరగతిలో ఎక్కాలు వల్లెవేస్తుంటే ఆ గొంతులూ కలుస్తాయి.

అసలు చిక్కు వేరే. మాటను రాతగా మార్చే విస్పర్ లాంటి ఏఐ మోడళ్లు తప్పును తామే దిద్ది రాసే అవకాశం ఎక్కువ. పిల్ల 'పలక'ను 'పకల' అన్నా తెర మీద 'పలక' పడొచ్చు, తడబాట్లు మాయమవుతాయి. అందుకే పాఠం ముందే ఇచ్చి, అక్షరం అక్షరం ధ్వనితో సరిపోల్చే పద్ధతి మేలు.

'వచ్చాడు'ను 'వచ్చిండు' అని చదివితే తప్పు వేయొద్దు, ఆ పిల్లకు అర్థమైంది! మన యాస రూపాలు ముందే ఒప్పుల జాబితాలో చేర్చాలి.

నిమిషానికి ఎన్ని పదాలన్న ఇంగ్లిష్ లెక్క మనకు అతకదు. 'చదువుకుంటున్నాడు' ఒక్క పదమే, అక్షరాలు 7. అక్షరాలే లెక్కపెట్టండి. కొన్ని రికార్డింగులకు ఫోన్ ఇచ్చిన స్కోరును, టీచర్ విని వేసిన మార్కులతో పోల్చండి. తేడా ఎక్కువుంటే ఆ స్కోరు రిజిస్టర్‌లో ఎక్కించొద్దు.