కట్టు కట్టిన చెయ్యి, పదికి పది మార్కులు

మా మూల్యాంకన పత్రంలో ‘పనిదినాలు పోయిన ప్రమాదాలు’ అనే గడి ఒకటి ఉంటుంది. అందులో సున్నా వేస్తే, పక్క గడిలో పదికి పది మార్కులు వాటంతట అవే పడతాయి. ఈ సాయంత్రం ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో మా ఆడిట్ బృందం ఆ పత్రాన్ని నింపుతుండగా, ఆ గడి దగ్గర నేను అభ్యంతరం చెప్పాను. “రిజిస్టరులో లేని ప్రమాదాన్ని మనం ఎలా రాస్తాం మేడమ్?” అని మా బృంద నాయకుడు మర్యాదగానే అడిగారు. దారి పొడుగునా ఆ ప్రశ్నే. ఇంటికి వచ్చాక అమ్మ రెండుసార్లు పిలిచినా నాకు వినబడలేదట. ఆ కేంద్రం పేరు, అది ఉన్న చోటు ఇక్కడ రాయను.

ఉదయం శిక్షణ గదిలోకి వెళ్లినప్పుడు చివరి బల్ల దగ్గర ఒకతను కూర్చుని ఉన్నాడు. కుడి చేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. బొగ్గు కన్వేయరు దగ్గర రాలిపడిన బొగ్గును ఎత్తిపోసే కాంట్రాక్టు కార్మికుడు. ఆ గదిలో ఆ పూట శిక్షణ ఏమీ లేదు. పొద్దున కంపెనీ బస్సులో తీసుకువస్తారు, హాజరు వేస్తారు, సాయంత్రం దాకా కూర్చోబెట్టి తిరిగి దించుతారు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు లైట్ డ్యూటీ. గాయపడిన మనిషి 48 గంటలు, అంతకు మించి పనికి రాలేకపోతే ఆ ప్రమాదాన్ని అధికారులకు తెలియజేయాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం గీసిన గీత. మనిషిని బల్ల మీద కూర్చోబెడితే ఆ గీత దాటనట్టే, ప్రమాదం జరగనట్టే. ఎన్నాళ్లుగా ఇలా కూర్చుంటున్నావని అడిగితే అతను నేల చూపులు చూశాడు. తరువాత మెల్లగా, “ఇంట్లో ఉంటే కూలి రాదు మేడమ్. ఈడ కూర్చుంటే మస్టరు పడతాది” అన్నాడు.

నాకు కోపం తెప్పించినది ఆ ఏర్పాటు ఒక్కటే కాదు, అది ఎంత చక్కగా లెక్కలో ఇమిడిపోయిందన్నది. పది లక్షల పనిగంటలకు ఎన్ని గాయాలయ్యాయో చెప్పే రేటు ఒకటి, ఎన్ని దినాలు పోయాయో చెప్పే రేటు మరొకటి లెక్క కడతాం. మన దేశపు ప్రమాణంలో ఒక మరణానికి 6,000 పనిదినాలు నష్టమైనట్టు వేస్తారు. వేళ్లు పోతే ఇన్ని, కన్ను పోతే ఇన్ని అని పట్టిక కూడా ఉంది. అంత నిక్కచ్చిగా తయారుచేసిన పట్టికలో, శిక్షణ గదిలో గోడ వంక చూస్తూ కూర్చున్న మనిషికి ఒక్క దినం కూడా రాదు.

ఇలాంటప్పుడల్లా నాకు 1989 మే తుఫాను గుర్తుకు వస్తుంది. అది మన కావలి ప్రాంతంలో తీరం దాటిన తుఫాను. నాయన అప్పుడు లైన్‌మన్. స్తంభాలు వరుసగా పడిపోయి, తీగలు పొలాల్లో పరుచుకుని ఉన్నాయి. తాగునీటి మోటారు నడవక జనం బిందెలతో నిలబడ్డారు. కొత్త స్తంభం నిలబెట్టారు, ఎక్కి తీగ కట్టడమే మిగిలింది. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే సరఫరా తీసేశాం, లైను మీద పని చేసుకోవచ్చు అన్న అనుమతి, వచ్చిందని సైకిలు మీద ఒకతను కబురు తెచ్చాడు. జీపు దగ్గర నిలబడిన అధికారి ఎక్కమన్నాడు. “నేను చూడంది నేను నమ్మను సార్, ఎక్కేది నేను గదా” అని నాయన సైకిలు ఎక్కి సబ్‌స్టేషన్‌కు వెళ్లిపోయాడు. స్విచ్చి తెరిచి ఉందని కళ్లారా చూసి, దానికి ‘మనుషులు పనిచేస్తున్నారు’ అన్న బోర్డు తగిలించి, లాగ్‌బుక్కులో తన పేరు రాయించి, మళ్లీ బురదలో తొక్కుకుంటూ తిరిగి వచ్చాడు. కబురు నిజమే, సరఫరా తీసే ఉంది. అయినా ఎక్కే ముందు అలవాటు ప్రకారం ఇనుప గొలుసు ఒక కొసను నేలకు కలిపి, రెండో కొసను తీగల మీదకు విసిరాడు. ఫట్టుమని నిప్పురవ్వలు లేచాయి. రైసుమిల్లులో జనరేటరు వేసుకున్నారట. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కు ఎక్కి లైనులోకి వచ్చింది. అరుగు మీద నిలబడి చూస్తున్న నేను అది కూడా పనిలో భాగమే అనుకున్నాను. అమ్మ మాత్రం అక్కడే కూలబడిపోయింది.

ఆ తరువాత నాయనకు మెమో వచ్చింది. సరఫరా పునరుద్ధరణలో అకారణంగా జాప్యం చేశాడని. ఆ రోజు జరిగినదానికి ఇంట్లో మిగిలిన కాగితం ఆ మెమో ఒక్కటే. ప్రమాదాల లెక్కలో ఆ రోజు సున్నా. పక్క సెక్షన్‌లో ఎవరో ఏదీ అడగకుండా ఎక్కి, అదృష్టం బాగుండి క్షేమంగా దిగి ఉంటే, అక్కడా సున్నాయే. ఈ రెంటినీ ఒకే గడిలో వేసి ఒకే మార్కు ఇచ్చే పత్రం మీద ఇప్పుడు నేను సంతకం చేయాలి.

ఇంధన రంగంలో ఇది చిన్న విషయం కాదు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్గు పేలి పదకొండు మంది చనిపోయారు. ఏడేళ్ల పాటు పనిదినం పోయిన ప్రమాదం లేకుండా నడిపినందుకు సిబ్బందిని అభినందించడానికి కంపెనీ పెద్దలు ఆ రోజే రిగ్గు మీదకు వచ్చి ఉన్నారు. కాలు జారి పడడాన్ని లెక్కపెట్టే అంకె బావి అడుగున పెరుగుతున్న ఒత్తిడిని గురించి ఏమీ చెప్పలేదు. మన దేశంలోనే 2017 నవంబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, బాయిలరు అడుగున బూడిద గడ్డకట్టుకుపోయి ఉండగా యూనిట్ ఆపకుండానే దాన్ని తొలగించే ప్రయత్నంలో ప్రమాదం జరిగి నలభై మందికి పైగా పోయారు. వారిలో చాలామంది కాంట్రాక్టు కార్మికులు. యూనిట్ ఆపుదామని చెప్పగల మనిషి అక్కడ ఉన్నాడా, చెబితే వినే పద్ధతి ఉందా అన్నది ఏ గడిలో పడుతుంది?

అందుకే ఆ గడిని పత్రం నుంచే తీసివేయాలని, ప్రమాదాల సంఖ్యకు మార్కులే ఉండకూడదని, భోజనానికి ముందు ఒక పేజీ సిఫారసు రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని మళ్లీ చదివితే నాకే ఒప్పుదల కావడం లేదు. అంకె పోతే దాని చోటులోకి ఏమి వస్తుంది? ‘యాజమాన్యంలో భద్రతా స్పృహ మెండుగా ఉంది’ వంటి వాక్యాలు వస్తాయి. వాటిని తప్పు పట్టడం ఇంకా కష్టం. చేతికి కట్టు కట్టుకున్న మనిషి విషయంలో మోసం జరిగిందని నేను పట్టుకోగలిగింది ఆ 48 గంటల గీత ఉన్నందువల్లనే. అతనికి కూలి పోకుండా గాయాన్ని గాయంగా రాసే ఏర్పాటు ఉంటే అతను ఆ బల్ల మీద కూర్చునేవాడు కాదు. దాచకుండా రాస్తే మార్కులు పోతాయన్న భయమే ఇక్కడ చెడు చేస్తోంది. కాబట్టి అంకె ఉండాలి, దానికి బహుమానం ఉండకూడదు.

త్రుటిలో తప్పిన ప్రమాదాల సంఖ్యకు మార్కులిస్తే సరిపోతుందని మా బృందంలో ఒకరు అన్నారు. నియర్‌మిస్ రిజిస్టరు తెప్పించి చూశాం. శాఖకు నెలకు ఇన్ని రాయాలని లక్ష్యం పెట్టారు కాబోలు, ‘నేల తడిగా ఉన్నది’ అన్న ఒకే వాక్యం ఒకే దస్తూరీలో పేజీల కొద్దీ ఉంది. కాంట్రాక్టు కార్మికుడు ఇచ్చిన ఫిర్యాదు ఒక్కటీ లేదు. రాసినవాటి మీద ఏమి చేశారన్న గడి ఖాళీ. ప్రమాదకర ప్రక్రియలున్న చోట భద్రతా కమిటీలో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండాలని ఫ్యాక్టరీల చట్టానికి వచ్చిన 1987 సవరణ చెప్పింది. ఇక్కడి మినిట్స్‌లో కార్మిక ప్రతినిధుల సంతకాలున్నాయి, మాటలు లేవు.

ఒక్కటి మాత్రం చూసి సంతోషించాను. షిఫ్టు మారే వేళ కంట్రోలు రూములో ఒక ఇంజనీరు, ఒక పంపు మీద మరమ్మతుకు ఇచ్చిన పర్మిట్ ఇంకా మూయలేదని చెప్పి, వచ్చినతన్ని వెంటబెట్టుకుని ఆ పంపు దాకా నడిచి, తాళం చూపించి సంతకం పెట్టించాడు. 1988లో ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద 167 మంది ప్రాణాలు పోయిన రాత్రికి మొదలు, విప్పి ఉంచిన వాల్వు సంగతి తరువాతి షిఫ్టుకు అందకపోవడమే. అతనికి ఆ సంగతి తెలుసో లేదో. ఆ నడకకు మా పత్రంలో గడి లేదు, వ్యాఖ్యల చోటులో రాశాను.

రేపు ముగింపు సమావేశం. ప్రథమ చికిత్స గది రిజిస్టరు, గేటు దగ్గర కాంట్రాక్టు కార్మికుల రాకపోకల నమోదు, కాంట్రాక్టరు కూలి మస్టరు, ఈ మూడింటినీ గత మూడు నెలలవి పక్కపక్కన పెట్టి చూడాలని అడుగుతాను. కట్టు కట్టించుకుని మరునాడు గేటు దాటి లోపలికి వచ్చి, ఏ పనిలోనూ పేరు లేకుండా మస్టరు పడినవాళ్లు ఎందరో దానితో తేలిపోతుంది, కన్వేయరు దగ్గరి మనిషిని వేలెత్తి చూపించవలసిన అవసరం కూడా ఉండదు. రిజిస్టర్లు ఇవ్వకపోతే ఆ మార్కుల గడిని ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీగా ఉంచానో కింద రాసి సంతకం చేస్తాను.