చెవిలో హోరు, బుర్రలో భయం

చెవిలో హోరు అనగానే అందరూ చెవి గురించే అడుగుతారు. నాకు మాత్రం భయమంతా బుర్ర గురించే. ఈ హోరు, అంటే డాక్టర్లు చెప్పే టిన్నిటస్, మొదలైన కొత్తలో నేను మొద్దుబారిపోతున్నానని గట్టిగా నమ్మాను.

చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో, నూలు వడికే రింగ్ ఫ్రేమ్ యంత్రాల దగ్గర సూపర్‌వైజర్‌గా ఏళ్ల తరబడి చేశాను. మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు, కానీ మా షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. తర్వాత నన్ను స్టాక్ లెక్కలకు మార్చారు. ఆ ఆఫీసు ప్రశాంతంగా ఉంటుంది, అదే కొంప ముంచింది. రెండు చెవుల్లోనూ సన్నగా, ఆగకుండా ‘కీ...’ అని ఒకటే మోత.

బేళ్ల బరువులు కూడుతుంటే సగంలో అంకె జారిపోయేది. ఎవరైనా ఫోన్ నంబర్ చెబితే పెన్ను తీసేలోపు మర్చిపోయేవాణ్ణి. ఒకప్పుడు ఏ ఫ్రేములో ఎన్ని కిలోల నూలు దిగిందో నోటిలెక్కతో చెప్పినవాణ్ణి నేను!

గుంటూరులో వినికిడి పరీక్ష చేస్తే 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచుగా ఉండే శబ్దాల దగ్గర, గీత లోయలోకి దిగింది. మోతలో పనిచేసినవాళ్లకు మామూలుగా కనబడే గుర్తే అది. హోరు ఒక్క చెవిలోనే ఉంటే ఎంఆర్ఐ తీయించేవాళ్లట, నాకు అక్కర్లేదన్నారు. తర్వాత ఆడియాలజిస్ట్ ఒక్కో శబ్దం వినిపించి నా హోరుకు జత కలిపారు. విమానం మోతలా ఉందని నేను గోల పెట్టిన శబ్దం, ఆ శ్రుతిలో నాకు వినబడే కనీస శబ్దం కంటే కొద్ది డెసిబెల్సే ఎక్కువ. నిజం చెప్పాలంటే అవమానంగా అనిపించింది. చాలామందికి ఇంతేనండీ, శబ్దం ఎంత పెద్దదో బాధ అంత ఉండాలని లేదు అన్నారావిడ. 25 ప్రశ్నల కాగితం నింపిస్తే బాధ స్కోరు మాత్రం 100కి 62, అంటే తీవ్రం.

లోపలి చెవిలో సన్నటి కణాలు దెబ్బతింటే మెదడుకు ఆ శ్రుతి శబ్దం అందదు, అందనిదాన్ని పట్టుకోవాలని అదే వాల్యూం పెంచుకుంటుంది, ఆ పెంచినదే హోరుగా వినబడుతుందని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే, 94 శాతం మందికి ఏదో ఒక శబ్దం వినబడింది. మరి వాళ్లు వదిలేసినదాన్ని నేనెందుకు పట్టుకు వేలాడుతున్నాను?

"నీది మొదట్నుంచీ టెన్షన్ బాడీయే కదా బావా" అన్నాడు మా బావమరిది. ఒళ్లు మండింది. కంగారు స్వభావం ఎక్కువున్నవాళ్లు అదే హోరుకు ఎక్కువ బాధపడతారని పరిశోధనల్లో ఉన్న మాట నిజమే. కానీ నెలల తరబడి సరిగా నిద్రలేని మనిషికి స్వభావం గురించి ప్రశ్నలిస్తే కంగారుగా కాక ఇంకెలా జవాబిస్తాడు? ఏది ముందో, ఏది వెనకో ఒక్కసారి అడిగితే తేలదు. పైగా నా చెవిని పాడుచేసింది మిల్లు, స్వభావం కాదు.

సైకాలజిస్ట్ అంకెలు వెనక్కి చెప్పించారు. బాగానే చెప్పాను. నీలం సిరాతో ‘ఎరుపు’ అని రాసి ఉంటే మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి, అందులో మాత్రం నత్తనడక. "మీ జ్ఞాపకశక్తి ఎక్కడికీ పోలేదు. ధ్యాసలో సగం చెవి దగ్గర కాపలా కాస్తోంది, ఇక నంబర్ లోపలికి వెళ్లేదెప్పుడు?" అన్నారు. దానికి తోడు సరిగా వినబడని అక్షరాలను ఊహించుకోవడానికే బోలెడు ఓపిక ఖర్చవుతోంది.

హోరును మాయం చేసే మాత్ర లేదు. చాలామంది వాడే గింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలు సిఫార్సు చేయొద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల 2014 మార్గదర్శకాల్లోనే ఉంది. మా పిన్ని చెప్పిన వెల్లుల్లి నూనె చెవిలో పోయొద్దని డాక్టర్ ముందే బెదిరించారు. నాకు పనిచేసినవి రెండు. ఒకటి సీబీటీ, అంటే ఆలోచనల తీరును మార్చుకునే మాటల చికిత్స: ‘ఈ హోరుతో నా ఉద్యోగం ఊడుతుంది’ లాంటి ఆలోచనను కాగితం మీద పెట్టి దానికి రుజువేంటని నిలదీయడం, లేవగానే హోరు ఉందా లేదా అని వెతుక్కోవడం మానడం. రెండోది వినికిడి యంత్రాలు, ఖరీదు మాత్రం గుండె గుభేలుమనేలా ఉంది. రాత్రిళ్లు ఫ్యాన్ మోత కూడా తోడు.

హోరు అలాగే ఉంది. స్కోరు 24కి దిగింది, బేళ్ల లెక్క ఒక్కసారికే తేలుతోంది. పెళ్లి భోజనాల సందడిలో ఎదుటివాళ్ల మాట మాత్రం ఇప్పటికీ సగమే అందుతుంది, యంత్రాలు పెట్టుకున్నా. అందుకే గోడ పక్క సీటు చూసుకుని కూర్చుంటున్నాను.