నాటకోత్సవంలో ఏవి చూడాలి, ఎక్కడ కూర్చోవాలి: నా అనుభవం

విజయవాడలోనో గుంటూరులోనో నాటకోత్సవం జరిగిందంటే రోజుకు నాలుగైదు ప్రదర్శనలు వరసగా పడతాయి. అన్నీ చూద్దామని కూర్చుంటే మూడోదానికే చెవి అలిసిపోతుంది. ఆ తరవాత ఎంత మంచి నాటిక వచ్చినా మనసుకు ఎక్కదు. అందుకే కార్యక్రమ పత్రం చేతికి రాగానే పెన్ను తీసుకుని కొట్టివేతలతో మొదలుపెడతాను. రోజుకు రెండు, మహా అయితే మూడు. నంది నాటకోత్సవాల్లాంటి చోట పద్య నాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక అని విభాగాలుంటాయి. ఒకే విభాగంలోవి రెండు వెంటవెంటనే పెట్టుకోను. పద్యం విన్న చెవికి వచనం హాయిగా ఉంటుంది.

నా లెక్కలో మొదటి చోటు పద్య నాటకానిదే. హరిశ్చంద్ర ఉంటే కాటి సీను వదలొద్దు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోని ఆ రంగంలో గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు చేర్చి పాడటం ఆనవాయితీ అయిపోయింది. ఇద్దరూ గుంటూరు సీమవాళ్లే. ఇక్కడి ప్రేక్షకుల్లో ఆ పద్యాలు నోటికొచ్చినవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి నటుడు ఒక్క మాట మింగినా హాలు పట్టేస్తుంది. రాగం ఎంతసేపు తీశాడన్నది కాదు, పదం ఎక్కడ విరిచాడన్నది వినండి. సమాసం నడుమ ఊపిరి తీసుకుంటే అర్థం తెగిపోతుంది. ఇంకో చిక్కు శ్రుతి. హరిశ్చంద్రుడి శ్రుతి, చంద్రమతి శ్రుతి వేరువేరుగా ఉంటాయి. హార్మోనియం వాయించే ఆయన పద్యం పద్యానికీ మార్చుకోగలిగితే సరే. లేకపోతే ఒకరు గొంతు చించుకోవాలి, లేదా ఇంకొకరు కింది స్వరాల్లో వినబడకుండా పోవాలి.

పోటీ ప్రదర్శనలకు సమయం కట్టడి ఉంటుంది. దాంతో పద్యాలు తగ్గిస్తారు, ఆలాపన కుదిస్తారు, వన్స్‌మోర్ కొట్టినా మళ్లీ పాడరు. పద్యం తనివితీరా వినాలంటే పోటీలో లేని ప్రదర్శన చూసుకోండి. రాయబారం లాంటివి ఘట్టాలుగా వేసేటప్పుడు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒకే పాత్రను పేరున్న నటులు పంచుకుంటారు. ఒకే వేషంలో రెండు గొంతుల తేడా పోల్చుకోవడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు.

కూచిపూడి విషయంలో ముందే అడగాల్సినవి రెండు: పూర్తి కలాపమా (అంటే మొత్తం నృత్యనాటకమా), ఘట్టమా? సంగీతం ప్రత్యక్షమా, రికార్డా? కూచిపూడి గ్రామం ఈ పక్క మొవ్వ మండలంలోనే ఉన్నా, భామాకలాపం పూర్తిగా వేసే సందర్భాలు తక్కువ. తరచుగా సత్యభామ వేదిక మీదికి వచ్చే పాట ప్రవేశ దరువు, ఆమె కృష్ణుడికి రాసే లేఖ వేసి ముగించేస్తారు. తెర మీదుగా సత్యభామ జడ వేసే ఘట్టం అందరికీ తెలుసు. నాకు మాత్రం చెలికత్తె మాధవితో వాదన ఉన్న ప్రదర్శనే కావాలి. అక్కడ వాచికం (మాట), ఆంగికం (ఒంటి కదలిక), సాత్వికం (భావం) మూడూ కలిసి నడుస్తాయి. కూచిపూడిని మిగతా నృత్యాల నుంచి విడదీసి చూపేది ఆ మాటల భాగమే. నట్టువాంగం, అంటే తాళాలు వేస్తూ నృత్యాన్ని నడిపించేవారు, వేదిక మీదే ఉంటే నర్తకి ఒక చూపును కాస్త నిలిపినా తాళం ఆమె వెంట నడుస్తుంది. రికార్డు ఆగదు కదా, ఆమే దాని వెంట పరిగెత్తాలి. తరంగం, అంటే పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం, ఉంటే ముందు వరసలో కూర్చోకండి. వేదిక ఎత్తుకి ఇత్తడి పళ్లెం అంచు మీది పాదాలు కనబడవు. బాల్కనీ ఉంటే పైకెక్కండి, లేదా ఎనిమిదో వరస దాటి కూర్చోండి.

నాటికకు దీనికి తలకిందులు. ముఖం కనబడాలి, మాట వినబడాలి. ముందు వరసలు అతిథులకూ న్యాయనిర్ణేతలకూ పోతాయి. వాళ్ల వెనక వరస మధ్య సీట్లే నాకు ఇష్టం. వేదిక అంచున పెట్టిన మైకులకు నటులు దూరమయ్యేకొద్దీ మాట పలచబడుతుంది. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో వెనక కూర్చుంటే గుసగుసగా పలికే సంభాషణ సగం అందదు. పక్క స్పీకరు ముందు కూర్చుంటే మాట ఒక వైపు నుంచి, మనిషి ఇంకో వైపు నుంచి వస్తారు.

ముద్రించిన సమయాన్ని నమ్ముకోవద్దు. ప్రారంభ సభ, సన్మానాలు మొదటి ప్రదర్శనను వెనక్కి నెడతాయి. నాటికకూ నాటికకూ మధ్య సెట్టు విప్పి కొత్తది కట్టే సమయం వేరే ఉంది. అలా చివరి నాటిక బాగా పొద్దుపోయాక మొదలై, ఆ నటులు ఖాళీ కుర్చీల ముందు ఆడాల్సి వస్తుంది. ఎన్నో నెలలు రిహార్సల్ చేసి వచ్చినవాళ్లకు అది అన్యాయం. అందుకే నేను ఎంచుకునే రెండింటిలో ఒకటి చివరిదే ఉండేలా చూసుకుంటాను. మధ్యలో విరామం తీసుకుని భోంచేసి వస్తాను. గుంటూరు, తెనాలి తిరిగి వెళ్లాల్సినవాళ్లు ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని మరీ లోపలికి వెళ్లాలి.

పిల్లలు వెంట ఉంటే సురభి ప్రదర్శన చూపించండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల పరంపరలో తెరలు, మాయలు, గాల్లో తేలే పాత్రలు అన్నీ తాళ్లు, తీగలు, చేతులతోనే నడుస్తాయి. మధ్య సీట్లే పట్టుకోండి. పక్కన కూర్చుంటే వేదిక పక్క తెరల వెనక తాడు లాగేవాళ్లు కనబడి పిల్లలకు ఆ మాయ ముందే విడిపోతుంది.