సర్పి మానాక మిగిలిన నొప్పి: నా అనుభవం

నిరుడు వేసవిలో, నా 58వ ఏట, ఎడమ పక్కటెముకల వెంట మంట మొదలైంది. మూడో రోజుకు వీపు నుంచి రొమ్ము దాకా పట్టీ కట్టినట్టు నీటిపొక్కులు లేచాయి. అమ్మ చూడగానే సర్పి అని గుర్తుపట్టి, జాజు పూయించుకోమంది. నేను మరునాడే చర్మవ్యాధుల వైద్యురాలి దగ్గరకు వెళ్లాను. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్సే ఇన్నేళ్లూ వెన్నుపాము పక్కనున్న నాడీకణాల ముడిలో దాగి, ఇప్పుడు ఆ ఒక్క నాడి వెంటే చర్మానికి దిగివచ్చిందని ఆమె వివరించారు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెట్టవలసిన మందు సకాలంలోనే పడింది, నెల తిరిగేసరికి చెక్కులు రాలి చర్మం మానింది.

నొప్పి మాత్రం మానలేదు. చొక్కా అంచు తగిలినా, ఫ్యాను గాలి సోకినా నిప్పు రాసినట్టుండేది. పుండు మానాక ఇంకా నొప్పేమిటని ఇంట్లోవాళ్లు అడుగుతుంటే, ఇది నా భ్రమేమోనని నాకే అనుమానం కలిగింది.

నాలుగో నెలలో కలిసిన నాడీవైద్యుడు ముందుగా అడిగింది ఒక్కటే: అది పోటా, సలుపా, తీపా, మంటా? మంట, మధ్యమధ్యలో కరెంటు కొట్టినట్టు, అన్నాను. ఆ మాటలే ఆయనకు దారి చూపాయి. గడప తగిలినప్పుడు ముందు చురుక్కుమనిపించేది సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోయే ఎ-డెల్టా అనే నాడీ తంతువులని, కాసేపటికి వచ్చే సలుపు సెకనుకు సుమారు ఒక మీటరు మాత్రమే నడిచే సి తంతువులదని చెప్పారు. రెండూ వెన్నుపాములో మరో నాడీకణానికి సంకేతం అప్పగిస్తే, అది అవతలి పక్కకు దాటి మెదడులోని థలామస్‌కు చేరుతుందట. నా విషయంలో వైరస్ దెబ్బతీసిన నాడి గాయం లేకుండానే సంకేతాలు పంపుతోంది. వాటితో వెన్నుపాములోని కణాలు అతిగా స్పందించడం అలవాటై, మామూలు స్పర్శను కూడా నొప్పిగానే పైకి పంపుతున్నాయి. చొక్కా ఎందుకు కాలుస్తుందో ఆ రోజు తెలిసి, నా బాధ నిజమైనదేనన్న ధైర్యం కలిగింది.

ఆయన రాసిన గాబాపెంటిన్ అనే మందు కొద్దికొద్దిగా పెంచుతూ వాడాను. నాడి కొసల నుంచి సంకేత రసాయనాలు విడుదల కావడాన్ని అది తగ్గిస్తుంది. మొదటి పది రోజులు పగలంతా మత్తుగా ఉండేది, ఫలితం కనబడడానికి నెల పైనే పట్టింది. ఈ సంక్రాంతికి రాత్రి మోతాదు ఒక్కటే మిగిలింది. చలికి దుప్పటి ఎడమవైపుకు కూడా కప్పుకొని పడుకోగలిగాను.