పురుగుల్ని తినే మొక్కకి పిండినల్లి

పురుగుల్ని తినే మొక్కకి పురుగు పట్టడమేమిటని మా అత్తగారికి ఒకటే నవ్వు. నవ్వొచ్చే మాటే కానీ అందులో వింతేమీ లేదు. మొక్క పేరు పిచర్ ప్లాంట్, దాని ఆకు కొసన కూజాలాంటి సంచి వేలాడుతుంది. ఆ కూజా అంచున ఊరే తీపికి ఆశపడి, జారి లోపల పడిన చీమలూ ఈగలే దానికి ఆహారం. పిండినల్లికి (మీలీబగ్) ఆ తిరుగుడు లేదు. ఆకు కాండాన్ని అంటుకునే సందులో దూరి, తెల్లటి మైనపు పూత కప్పుకుని, కూర్చున్నచోటే రసం పీలుస్తుంది. కూజా దాకా పోయే పనే లేదు దానికి.

మొక్క మాది కాదు. పై ఫ్లాట్ అబ్బాయి సంక్రాంతి అయ్యాక ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ నాకు అప్పగించాడు. అప్పటికే ఆకుల చివర్లు మాడిపోయి ఉన్నాయి. కొత్త ఆకు కొసన తీగ సాగేది, కూజా ఉబ్బకుండానే ఎండిపోయేది. వాళ్ల నానమ్మగారు పాపం, పస్తుంటుందేమోనని ఉన్న ఒక్క కూజాలో చికెన్ ముక్క వేశారట. అది కాస్తా కుళ్లి నల్లబడింది. దీనికి మనం తినిపించక్కర్లేదు. సారం లేని నేలలో నత్రజని కోసం పురుగుల్ని పడుతుందే తప్ప, మిగతా మొక్కల్లాగే వెలుతురుతోనే బతుకుతుంది. అందుకే కుండీలో ఎరువు కూడా వేయకూడదు.

అసలు జబ్బు నీళ్లది. మా మల్కాజిగిరి అపార్ట్‌మెంట్‌లో వాడుకకి వచ్చేది బోరు నీరు. గీజర్‌లో పెచ్చులు కట్టే ఆ ఉప్పే కుండీ అంచున కూడా తెల్లగా పేరుకుంది. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటర్ ముంచితే అంకె వందల్లో ఉంది. ఈ మొక్కలకి 50 లోపు ఉంటే మంచిది, 100 దాటితే కష్టం. ఆర్‌వో నీళ్లయినా కొలిచాకే పోయాలి. కొన్ని మెషిన్లు రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుపుతాయి. నేనైతే వేసవంతా ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను. ఇప్పుడు వానలు మొదలయ్యాయి కాబట్టి డాబా మీద టబ్బులు పెడుతున్నా. మట్టి కూడా మార్చేశాను. కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పొట్టులో, ఉప్పుంటుంది, బాగా కడిగి పెర్లైట్ (నీరు నిలవకుండా వేసే తేలికైన తెల్లటి గుళికలు) కలిపాను. పనిలో పనిగా వేళ్లు కూడా చూశాను. అక్కడ పిండినల్లి లేదు, బతికిపోయాం.

ఆకుల సందుల్లో ఉన్నవాటికి మాత్రం మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్. ఇయర్ బడ్ ముంచి ఒక్కోదాన్నీ తుడవాలి. ఉత్త నీళ్లు ఆ మైనం మీంచి జారిపోతాయి, స్పిరిట్ దాన్ని కరిగిస్తుంది. ముందు ఒక ఆకు మీద చూసుకుని, సాయంత్రం ఎండ తగ్గాకే చేయాలి. ఒక్కసారితో వదలవు. గుడ్లలోంచి పిల్లలు వస్తూనే ఉంటాయి, అందుకని వారం వారం కళ్లద్దాలు పెట్టుకుని కూర్చోవాల్సిందే. మా గులాబీలకి వేపనూనె కొడతాను కానీ దీనికి కొట్టను. సబ్బు కలిపిన నూనె కూజాలో పడటం నాకిష్టం లేదు.

తమాషా అంతా చీమలది. పిండినల్లి వదిలే తీపి బంక కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి మోస్తాయి కూడా. కూజాలున్న మొక్కేమో ఆ కాపలావాళ్లలో ఒకరిద్దరిని మింగి, దొంగల్ని వదిలేస్తుంది! చీమల్ని ఆపకుండా ఎంత స్పిరిట్ రాసినా దండగే. చక్కెర డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు, పళ్లెంలో ఇటుక పెట్టి దాని మీద కుండీ ఎక్కించాను. బాల్కనీ గ్రిల్‌ని తాకుతున్న ఆకుని పక్కకి వంచి కట్టాను, లేకపోతే ఆ దారినే వచ్చేస్తాయి. పళ్లెంలో నీళ్లు మారుస్తూ ఉండాలి, దోమలు గుడ్లు పెడతాయి.

"ఆంటీ, కూజా వచ్చిందా?" అని ఆదివారం ఆదివారం ఆ అబ్బాయి ఫోన్. మన ఎండాకాలపు పొడిగాలికి రమ్మంటే ఎలా వస్తుంది? ఈ కూజా మొక్కల జాతి పేరు నెపెంథిస్. మన దేశంలో సహజంగా పెరిగేది అందులో ఒక్కటే, ఖాసియానా. అది మేఘాలయ కొండల్లో ఉంటుంది. నర్సరీల్లో అమ్మేవి ఎక్కువగా సంకరజాతులే అయినా వాటికీ తేమ కావాలి. "వానలు పడనీ నాయనా" అనేదాన్ని.

వానలు పడ్డాయి. పై ఆకు కొస చిక్కుడు గింజంత లావయింది. ఇంకా ఫొటో పంపలేదు. పంపానంటే దీపావళికి వచ్చి ఎత్తుకుపోతాడు.