డిక్కీలో బియ్యం బస్తా, బానెట్ కింద 245 గుర్రాలు

జర్మనీలో ఉంటున్నానని తెలియగానే మన బంధువుల్లో కార్లంటే ఇష్టమున్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “అక్కడ రోడ్ల మీద స్పీడు లిమిట్ ఉండదట కదా?” ఆటోబాన్ అనే ఇక్కడి హైవేల్లో చాలా భాగానికి నిజంగానే ఉండదు. గంటకు 130 కిలోమీటర్లు అన్నది 1978 నుంచి సలహాగా మాత్రమే ఉంది. దాటితే జరిమానా లేదు గాని, ప్రమాదం జరిగితే దాటినవాడి మీద కొంత బాధ్యత పడవచ్చు. ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అడిగినవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. స్టుట్‌గార్ట్ పక్కన, ఏ8, ఏ81 హైవేలు కలిసే లియోన్‌బెర్గ్ కూడలి దగ్గర ఉదయం ఏడున్నరకు నా కారు నత్తలా పాకుతుందని చెబితే మాత్రం ఎవరూ నమ్మరు.

అందుకే కారు వెతికేటప్పుడు నేను అసలు పట్టించుకోని అంకె టాప్ స్పీడు. ఇక్కడి చురుకైన కార్లలో చాలావాటిని తయారీదారులే 250 దగ్గర కట్టేస్తారు. ఆ 250 కూడా తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, పిల్లలు లేకుండా, గుండె ధైర్యం ఉన్నప్పుడు చూడాల్సిన వేగం. నాకు కావలసింది 30 నుంచి 100 లోపు దొరికే సరదా. ర్యాంపు మీద నుంచి హైవేలోకి కలిసేటప్పుడు వచ్చే పికప్, ఊరి బయట వంపుల్లో స్టీరింగు చేతికి చెప్పే కబురు, బ్రేకు మీద కాలు పెట్టగానే దొరికే నమ్మకం. ఇవి రోజూ దొరుకుతాయి, ఆఫీసుకు వెళ్ళే దారిలో కూడా.

నా ఉద్యోగం గేరుబాక్సు సాఫ్ట్‌వేరు పరీక్షించడం. ఏ కారు ఏ గేరులో ఎందుకు తడబడుతుందో వెతకడమే పగలంతా పని. ఇలాంటివాడు ఇంటికి కారు కొంటానంటే ఇంట్లోవాళ్ళకు భయమే. మా ఆవిడ ముందే షరతు పెట్టింది: “మీకు నచ్చే కారు కొనండి, కాని అందులో నేను రోజూ పిల్లలను కిండర్‌గార్టెన్‌లో దింపాలి. ఆ సంగతి గుర్తుంటే చాలు.”

ఈ షరతు విన్నాక మొదట వెళ్ళిపోయేవి ఎస్‌యూవీలు అని ఎవరూ అనుకోరు. మన హైదరాబాదులోనైతే కుటుంబం అనగానే ఎస్‌యూవీయే. మా అపార్టుమెంటు కింద ఉన్నది పాతకాలపు డ్యూప్లెక్స్ పార్కింగు. ఇనుప పళ్ళెం మీద ఒక కారు, దాని కింద గుంటలో మరొక కారు, తాళం తిప్పితే రెండూ పైకీ కిందికీ కదులుతాయి. మాది కింది అంతస్తు. మీటరున్నర కన్నా ఎత్తున్న కారుకు అందులో చోటు లేదు. స్టుట్‌గార్ట్‌లాంటి కొండల నగరంలో, వీధి పార్కింగు దొరకని చోట, ఈ ఒక్క కొలతే సగం మార్కెట్టును కొట్టివేసింది. కరెంటు కార్లలో నాకు బాగా నచ్చిన అయానిక్ 5 ఎన్ కూడా ఎత్తు దగ్గరే ఆగిపోయింది. పైగా అద్దె ఇంటి గరాజులో చార్జరు పెట్టించాలంటే ఇంటి యజమానితోనూ, మిగిలిన ఫ్లాట్లవాళ్ళతోనూ మాట్లాడాలి. ఆ ఓపిక నాకు లేదు.

తరువాతి పరీక్ష పిల్లల సీట్లు. ఇక్కడ పన్నెండేళ్ళు నిండేదాకా, లేదా ఎత్తు 150 సెంటీమీటర్లు దాటేదాకా పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. మా పెద్దది బడికి వెళ్తుంది, దాని సీటుతో గొడవ లేదు. చిన్నవాడిది వెనక్కి తిరిగి కూర్చునే సీటు. అది బిగించామంటే ముందు సీటు డాష్‌బోర్డు వైపు జరిగిపోతుంది, అక్కడ కూర్చున్న మనిషి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకోవాలి. కార్ల పత్రికలు సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో పదో వంతుతో సహా రాస్తాయి. ఈ సీటు పెట్టాక ముందు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకు ఎంత చోటు మిగులుతుందో నేను చూసినంతలో ఏ పత్రికా రాయలేదు. అందుకని ప్రతి షోరూముకూ ఆ సీటు మోసుకుని వెళ్ళేవాణ్ణి. సేల్స్‌మన్లు మొదట నవ్వేవారు, తరువాత వాళ్ళే పట్టుకుని సాయం చేసేవారు.

హోండా సివిక్ టైప్ ఆర్ నా కలల కారు. 329 గుర్రాల బలం (హార్స్‌పవర్), చేత్తో వేసే గేర్లు, ఆ గేరు పడేటప్పుడు వచ్చే చిన్న ‘టక్’మనే హాయి. డిక్కీ కూడా పెద్దదే. కాని వెనక కూర్చునేది ఇద్దరే, మధ్య సీటే లేదు. అదీగాక వెనక నిలబడ్డ ఆ రెక్క చూసి మా ఆవిడ “దీని మీద బట్టలు ఆరేయవచ్చు” అంది. అక్కడితో ఆ కల చెదిరింది. హ్యుండయ్ ఐ30 ఎన్ ధరకు తగిన ఆనందం ఇచ్చే కారు. దాని పేరులోని ఎన్ కొరియాలో వాళ్ళ పరిశోధన కేంద్రం ఉన్న నామ్యాంగ్‌కూ, ఇక్కడి న్యూర్‌బుర్గ్‌రింగ్ రేసు ట్రాకుకూ గుర్తు. సైలెన్సరు మాత్రం టపాకాయల దుకాణం. రాత్రి పదింటి తరువాత పక్కింటి బామ్మకు నిద్రాభంగం చేసి ఈ దేశంలో బతకడం కష్టం. గోల్ఫ్ జీటీఐ, 1976లో 110 గుర్రాలతో రోడ్డెక్కి ఈ తరహా కార్లన్నిటికీ దారి చూపినది, నడపడానికి ఇప్పటికీ హాయి. డిక్కీ దాదాపు 375 లీటర్లు. పిల్లాడి తోపుడుబండి పెడితే సరుకుల సంచీ ఒళ్ళో పెట్టుకోవాలి.

ఇక మిగిలింది ఈ దేశం అసలు సిసలుగా కనిపెట్టుకున్న సమాధానం, కోంబీ. అంటే పైకప్పు వెనకదాకా సాగి, పెద్ద డిక్కీ ఉండే ఎస్టేట్ కారు. మన దగ్గర ఎస్టేట్ కార్లంటే చూసేవాళ్ళు లేరు. అంబాసిడర్ ఎస్టేటు చాలామందికి అంబులెన్సుగానే గుర్తు. ఇక్కడ డాక్టర్లు, వడ్రంగులు, ప్రొఫెసర్లు, అందరూ కోంబీలోనే తిరుగుతారు. దానిలో స్పోర్ట్స్ కారు ఇంజిను పెట్టే పిచ్చి కూడా ఈ చుట్టుపక్కలదే. 1994లో వచ్చిన ఆడి ఆర్‌ఎస్2 అవాంట్‌ను కూర్చింది మా ఇంటికి ఎంతో దూరం లేని త్సుఫెన్‌హౌసెన్‌లో, పోర్షే వాళ్ళ దగ్గర. 2.2 లీటర్ల అయిదు సిలిండర్ల టర్బో ఇంజిను, 315 గుర్రాలు, వెనక మాత్రం కుక్కనూ సైకిలునూ ఎక్కించుకునే డిక్కీ. అంతకు కాస్త ముందు అక్కడే మెర్సిడెస్ 500 ఈ కూడా తయారైంది. అఫాల్టర్‌బాఖ్‌లో, మెర్సిడెస్ వాళ్ళ స్పోర్ట్స్ విభాగమైన ఏఎంజీ దగ్గర, ఇంజినును మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషే బిగించి, దాని మీద తన సంతకం ఉన్న పలక అతికిస్తాడు. అలాంటి ఇంజినున్న మెర్సిడెస్ కోంబీలు ఆదివారం మా బేకరీ ముందు ఆగి ఉంటాయి. వాటిలో కొన్నింటికి వెనక మోడల్ పేరే ఉండదు. కారు ఆర్డరు చేసేటప్పుడే ఆ అక్షరాలు వద్దని చెప్పే వీలుంది, ఈ ప్రాంతంవాళ్ళు చాలామంది వద్దనే అంటారు. టాప్ ఎండ్ మోడల్ కొని బేసిక్ మోడల్‌లా కనిపించాలని కోరుకునే మనుషులను నేను ఇక్కడికి వచ్చాకే చూశాను.

కోంబీల్లో చివరికి మూడు నిలబడ్డాయి. బీఎండబ్ల్యూ ఎం340ఐ టూరింగ్ నడిపిన రోజున నాకు అన్నం సహించలేదు. ఆరు సిలిండర్లు, 374 గుర్రాలు, జడ్‌ఎఫ్ వాళ్ళ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. గేరుబాక్సులతో రోజంతా గడిపేవాడిగా చెబుతున్నాను, లియోన్‌బెర్గ్ రద్దీలో అడుగడుగునా ఆగుతూ కదిలేటప్పుడు ఇంత మెత్తగా పాకే గేరుబాక్సు మరొకటి నేను ఎరగను. కొత్తది 70 వేల యూరోలు దాటుతుంది, అక్కడితో ఆ ముచ్చట ముగిసింది. గోల్ఫ్ ఆర్ వేరియంట్ నాలుగు చక్రాలకూ శక్తి పంపుతుంది, మంచు రోజుల్లో మేలు. కాని ఆ ధరకు లోపలి ప్లాస్టిక్కు చూసి మనసు రాలేదు. మూడోది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కోంబీ. రెండు లీటర్ల టర్బో పెట్రోలు, 245 గుర్రాలు, 640 లీటర్ల డిక్కీ. మామూలు ఆక్టేవియా కన్నా 15 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది, గుంటలో బేషుగ్గా పడుతుంది. చార్జింగుతో నడిచే హైబ్రిడ్ రకం కూడా ఉండేది గాని, అందులో బ్యాటరీ కారణంగా డిక్కీ 490కి తగ్గిపోతుంది. దేశీ దుకాణం నుంచి సోనామసూరి బస్తాలు, ఇరవై కిలోల గోధుమపిండి, పైన కరివేపాకు పొట్లం తెచ్చుకునేవాళ్ళకు ఆ 150 లీటర్లు చిన్న విషయం కాదు.

టెస్ట్ డ్రైవ్‌లో ఈసారి స్టీరింగు ఆవిడకే ఇచ్చాను. సిండెల్ఫింగెన్ దగ్గర ఏ81 లోకి ఎక్కే ర్యాంపు మీద ముందు ఒక లారీ, వెనక మరొకటి. ఆవిడ అద్దంలో చూసి, కాలు నొక్కి, రెండిటికీ అందకుండా వెళ్ళి ఎడమ వరుసలో కలిసింది. ఏమీ మాట్లాడలేదు. రెండు ఎగ్జిట్లు దాటాక అడిగింది: “ఇందులో స్పోర్ట్ బటన్ అన్నారు, ఎక్కడుంది?” సేల్స్‌మన్‌కు తెలుగు రాకపోయినా పని పూర్తయిందని అర్థమైంది.

కొత్తది కాకుండా ఏడాది నడిచినది తీసుకున్నాం. ఈ ప్రాంతంలో యారెస్‌వాగెన్ అని ఒక గొప్ప సౌకర్యం ఉంది. కారు కంపెనీల ఉద్యోగులు రాయితీ మీద కొత్త కారు తీసుకుని, ఏడాది వాడి అమ్మేస్తారు. సర్వీసు బుక్కు కడిగిన ముత్యంలా ఉంటుంది, మొదటి ఏడాది పడిపోయే ధర వాళ్ళ ఖాతాలో పోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళను దెబ్బతీసేది కారు ధర కాదు, ఇన్సూరెన్సు. ఇండియాలో ఎన్నేళ్ళు గీత పడకుండా నడిపినా ఆ లెక్క సాధారణంగా ఇక్కడ చెల్లదు, మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి. దాని మీద ప్రతి మోడల్‌కూ, దాని ప్రమాదాల చరిత్రను బట్టి, ఒక తరగతి ఉంటుంది. థర్డ్ పార్టీకి 10 నుంచి 25, మన కారు నష్టాన్ని కూడా భరించే పూర్తి కాస్కోకు 10 నుంచి 34. కుర్రాళ్ళు ఎక్కువగా కొని గుద్దే కార్లకు తరగతి పైకి పోతుంది. కారు చూడకముందే ఆ అంకె చూడమని నేను అందరికీ చెబుతుంటాను. చలికాలపు టైర్ల ఖర్చు కూడా కలుపుకోవాలి. 2024 అక్టోబరు నుంచి కొండ, మంచు రేకు గుర్తున్న టైర్లే మంచు రోడ్డు మీద చెల్లుతాయి. మిగిలిన సగం ఏడాది ఆ నాలుగు చక్రాలూ టైర్ల హోటల్‌లో అద్దె కట్టి బస చేస్తాయి.

అయితే ఈ ఊళ్ళో మనవాళ్ళతో నాకు తరచూ వచ్చే వాదన వేరు. చాలామంది ఏడు సీట్ల బండ్లు కొంటారు, ఎందుకంటే ఏడాదికొకసారి అమ్మానాన్నలో, అత్తమామలో వీసా మీద తొంభై రోజులు వస్తారు. వచ్చిన ఆ మూడు నెలల్లోనూ అందరూ కలిసి కారెక్కేది కొన్ని శని, ఆదివారాలే. మిగిలిన కాలమంతా మూడో వరుస మడతపెట్టుకుని, ఉత్సాహం లేని ఇంజినును ఆఫీసుకు తోలుకుంటూ పోవాలి. మావాళ్ళు వచ్చినప్పుడు నేను ఆ వారాంతాలకు వ్యాను అద్దెకు తీసుకుంటాను, ఊళ్ళో తిరగడానికి వాళ్ళకు ట్రాము, రైలు పాసులు కొనిస్తాను. మా మామగారికైతే రైలే ఇష్టం. కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లు కూడబలుక్కుని చదువుతారు.

కారు మీద ఆయన అభిప్రాయం వేరు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఇల్లు ఆయనది. “మా సర్కిలుకే బెంజి పేరుంది అల్లుడుగారూ, మీరేమో బెంజి కంపెనీ ఉన్న ఊళ్ళో ఉండి స్కోడా కొన్నారు” అన్నారు మొదటిరోజే. దీని ముందు తరం ఆక్టేవియా ఆర్‌ఎస్ 2020లో మన దేశానికి వచ్చిందే 200 కార్లని చెప్పాను. కొంచెం మెత్తబడ్డారు. ఆ సంగతి విజయవాడకు ఫోనులో చెప్పేటప్పటికి అది వంద కార్లయింది.

బాడెన్-బాడెన్ నుంచి ఫ్రాయ్‌డెన్‌స్టాట్ దాకా నల్ల అడవుల కొండల మీదుగా పోయే బీ500 రోడ్డు ఈ కారుకు తగిన దారి అని చాలాకాలం అనుకున్నాను. పిల్లలతో వెళ్ళిన మొదటిసారి ముమ్మెల్‌జే సరస్సు రాకముందే చిన్నవాడు వాంతి చేసుకున్నాడు. అప్పటి నుంచి పద్ధతి మార్చాం. కారులో పిల్లలుంటే సస్పెన్షన్ మెత్తగా, బ్రేకు ముందుగానే, వంపులో స్టీరింగు ఒక్కసారే తిప్పి అలాగే పట్టుకోవడం. ఇది వేగంగా నడపడం కన్నా కష్టమైన పని, నాకు తెలిసి ఎక్కువ సరదా కూడా ఇందులోనే ఉంది. వెనక సీటులో సీసా మూత తీసిన మంచినీళ్ళు ఒలకకుండా దిగగలిగితే మా పెద్దది పదికి ఎన్ని మార్కులో చెబుతుంది. ఈ మధ్య వాళ్ళమ్మకు నాకన్నా ఎక్కువ వేస్తోంది.